రాయి మీద నీటి గీత

మా ఆయన సాన మిషన్ ముందు స్టూలు మీద కూర్చునే ప్రాణం వదిలాడు. ఉదయం పూట. మోటారు ఆగలేదు. రాయి తొట్టిలోని నీళ్లను తాకుతూ తిరుగుతూనే ఉంది. ఆ చప్పుడు వినిపిస్తున్నంతసేపూ నేను లోపల పేపరు చదువుతూ కూర్చున్నాను. మిషన్ నడుస్తోందంటే మనిషి ఉన్నాడని మా ఇంట్లో లెక్క. చాయ్ చల్లారిపోతోందని పిలవడానికి వెళ్లి చూశాను. స్విచ్ ఆపింది నేనే.

ఆయన బొగ్గు గనుల వర్క్‌షాపులో ఫిట్టరు. రిటైరయ్యాక గోదావరిఖనిలో మా ఇంటి ముందు రేకుల షెడ్డు వేసుకుని సాన పట్టేవాడు. మిషన్ బజారులో కొన్నది కాదు, తను చేసుకున్నదే. పాత వాషింగ్ మిషన్ మోటారు, వేగం తగ్గించడానికి పెద్ద పుల్లీ, అన్నం పళ్లెమంత గుండ్రటి ఇసుకరాయి, దాని కింద నీళ్ల తొట్టి. రాయి అడుగు భాగం నీళ్లలో ఉంటుంది. తిరిగినప్పుడల్లా తడిసి పైకి వస్తుంది. అందువల్ల ఇనుము వేడెక్కదు. మామూలు సాన చక్రం మీద నిప్పురవ్వలు లేస్తాయి. చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ వేడెక్కిన అంచుకు పదును నిలవదు. ఈయన మిషన్ మీద రవ్వ లేచేది కాదు, బూడిదరంగు నీళ్లు కారేవి. గొడ్డళ్లు, కొడవళ్లు, దర్జీల కత్తెరలు, కొబ్బరి బోండాలు కొట్టే కత్తులు వచ్చేవి.

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ అయ్యే వేళకు మా ఇంట్లో గిన్నెలు కదులుతాయి. దానికి ముందు సైరన్ వస్తుంది. సైరన్ వినపడగానే ఆయన కత్తిని రాయి మీద నుంచి ఎత్తి గాలిలో పట్టుకునేవాడు. భూమి అదిరి, సద్దుమణిగాక మళ్లీ పెట్టేవాడు. కొత్తగా వచ్చినవాళ్లు ఈయన ఎందుకలా ఆగిపోయాడో అర్థం కాక నా వైపు చూసేవాళ్లు.

మా వీధి చివర ఒక చాచా ఉంటాడు. ఒకప్పుడు మాంసం దుకాణం ఆయనదే. ఇప్పుడు దుకాణం కొడుకు చూసుకుంటాడు. చాచా మాత్రం బక్రీదు నాడు ఒక్కరోజు కత్తి పట్టి, తెలిసినవాళ్ల ఇళ్లకు వెళ్లి కుర్బానీ మేకలను కోసి వస్తాడు. ఆ కత్తికి సాన పట్టేది మా ఆయనే. నిరుడు పండుగ వెళ్లిన మర్నాడు చాచా షెడ్డుకు వచ్చి, కూర్చోకుండా, కత్తిని గుడ్డలోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

"రెండుసార్లు లాగిన," అన్నాడు. "నడుమ కత్తి పట్టుకున్నది. అది నా దిక్కు చూసింది."

ఏది చూసిందో మా ఆయన అడగలేదు. కత్తిని వెలుతురుకు ఎత్తి అంచు వెంట చూశాడు.

"నా రాయి గరుకుది చాచా. గొడ్డలికి సరిపోతది. దీనికి చాలదు."

"ఇన్నేండ్లు చాలింది గద?"

"ఇన్నేండ్లు నీ చెయ్యి గట్టిగున్నది. పదును తక్కువైనా నీ బలానికి పోయింది."

"అంటే ముసలోన్ని అయిన అంటవ్."

"నేను అంటలే. కత్తి అంటున్నది."

"దానికి గూడ నీ లెక్కనే నోరెక్కువ," అన్నాడు చాచా. కానీ నవ్వలేదు.

చలికాలంలో చాచా భార్య దవాఖానలో చనిపోయింది. నలభై రోజులు వెళ్లాక ఆయన మళ్లీ వచ్చాడు. ఈసారి కూర్చున్నాడు. ఆయన మాట నేను వాకిట్లోంచి విన్నాను.

"ఈసారి మేకను ఆమె పేరు మీద ఇస్తున్న. ఆమె పేరు మీదిచ్చేది వేరేటోల్ల చేతుల పెట్ట. నేనే కొయ్యాలె. ఒక్కటే సారి పోవాలె. మల్ల పట్టుకున్నదనుకో, ఇగ నేను కత్తి ముట్ట."

"పట్టుకోది," అన్నాడు మా ఆయన. "మిషన్ మారుస్త. కత్తి ఈన్నే ఉంచు."

మారుస్తానన్నది మూడు వస్తువుల గురించి. ఒకటి, మెత్తటి రేణువున్న కొత్త రాయి. రెండు, తోలు తొడిగిన చెక్క చక్రం. రాయి మీద నూరినప్పుడు అంచున కంటికి కనపడని సన్నటి పొర ఒకటి లేస్తుంది, వేలికి తెలుస్తుంది. దాన్ని తోలు తీసేస్తుంది. మంగలి షాపులో కత్తిని తోలుపట్టా మీద రాసేది అందుకే. మూడోది ఒక కడ్డీ, దానికి బిగించే పట్టు. కత్తిని ఆ పట్టులో బిగిస్తే మొదటి నుంచి చివరి దాకా ఒకే వాలులో రాయిని తాకుతుంది, చెయ్యి వణికినా వాలు మారదు. ఇవన్నీ తెప్పించి, ముందుగా కొత్త రాయి ఎక్కించాడు. మర్నాడు పొద్దున తొట్టి నింపి మోటారు వేశాడు. "కొత్త రాయికి నీళ్లు తాగిస్తున్న" అని లోపలికి వినపడేట్టు చెప్పాడు. ఆ పొద్దునే పోయాడు.

మనిషి ప్రాణం పోయిన చోట మా వైపు దీపం పెడతారు, పక్కన చెంబుతో నీళ్లు పెడతారు. పదకొండో రోజు దాకా దీపం ఆరకూడదు, నీళ్లు ఎండకూడదు. మా అత్తమ్మ దీపం మిషన్ పక్కన పెట్టింది. ఎనభై దాటిన మనిషి. కొడుకు శవం ఇంట్లోంచి వెళ్లిన తర్వాత ఆమె చేసిన పని అదొక్కటే. తలుపు వేసి ఉన్న షెడ్డులోకి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చెంబుతో వెళ్లి వచ్చేది. ఎవ్వరినీ మిషన్ ముట్టనివ్వలేదు. పదకొండు దాటాక కూడా వెళ్లడం ఆపలేదు. నేను ఆపమనలేదు. దుఃఖంలో ఉన్న మనిషి చేతిలో పని ఉంటే దాన్ని లాక్కోకూడదని నాకు తెలుసు. నేను మాత్రం పుస్తకాలు తెరిచి అదే పేజీ చదువుతూ కూర్చునేదాన్ని.

ఎండలు ముదిరాయి. మా ఊళ్లో మే నెల ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పనవసరం లేదు. ఒకరోజు పొద్దున్నే చాచా గేటు బయట నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"బిడ్డా, కత్తి తీస్కపోత," అన్నాడు.

కత్తి షెడ్డులో మేకుకు వేలాడుతోంది, గుడ్డ చుట్టి, మా ఆయన ఎలా పెట్టాడో అలాగే. నేను తెచ్చి ఇచ్చి ఉంటే అంతటితో అయిపోయేది. చాచా దాన్ని మంచిర్యాల తీసుకెళ్లి సాన పట్టించుకునేవాడో, కొడుకును కొయ్యమనేవాడో.

"ఉండనీ చాచా," అన్నాను. "పండుగలోపల ఇస్తాం."

ఆయన నన్ను కాసేపు చూశాడు. "ఇస్తాం అంటున్నవ్. ఎవరు బిడ్డా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లాడు.

అత్తమ్మ గడప మీద కూర్చుని ఉంది. "ఎవరు పడ్తరు సాన? నువ్వా? చాక్‌పీసు పట్టినట్టు గాదు అది," అంది. నేను ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పాను. కోపం వచ్చినప్పుడు ఆమె నా ఉద్యోగాన్ని నా పేరులాగా వాడుతుంది.

మా ఆయనతో వర్క్‌షాపులో పనిచేసిన ఒక ఫిట్టరు ఉన్నాడు. ఆయన కంటే చిన్నవాడు, ఇంకా డ్యూటీలో ఉన్నాడు. ఫోను చేస్తే మొదటి షిఫ్టు దిగి, బొగ్గు మసి కడుక్కోకుండానే వచ్చాడు. షెడ్డు తలుపు తీసి కాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు. తర్వాత చొక్కా విప్పి మేకుకు తగిలించి పనిలోకి దిగాడు. రోజూ షిఫ్టు అయ్యాక వచ్చేవాడు. బేరింగులు మార్చాడు. తోలు చక్రాన్ని ఇరుసు రెండో చివర బిగించాడు. కడ్డీ నిలబెట్టాడు. అత్తమ్మ వంటింటి కిటికీలోంచి చూస్తూ ఉండేది. ముట్టొద్దని ఆమె అనలేదు, ముట్టమనీ అనలేదు.

మొదట మా వంటింటి కత్తిని పట్టులో బిగించి రాయికి ఆనించాం. ఒక వైపు, తర్వాత రెండో వైపు. తోలు మీద తుడిచాం. అతను బొటనవేలి గోరును అంచు వెంట జరిపాడు. పదును సరిగ్గా ఉంటే గోరు జారుతూ పోతుంది. పన్నులాంటి గంటు ఉన్నచోట ఆగుతుంది. గోరు ఆగింది. కొంచెం జరిగి మళ్లీ ఆగింది. ఇంకా కొంచెం జరిగి మళ్లీ.

"బ్లాస్టింగ్ అయిందా ఇప్పుడు?" అన్నాడు.

"ఇందాక నూరుతుండగానే అయింది."

"అయితే అదే. అదురుకు పడ్డయి."

మర్నాడు బ్లాస్టింగ్ అయిపోయేదాకా మోటారు వేయలేదు. పళ్లు అలాగే పడ్డాయి. బేరింగు వదులని మళ్లీ విప్పాడు. బెల్టు జారుతోందని బెల్టు మార్చాడు. పుల్లీ వంకరగా ఉందని లేతు మిషన్ మీద సరిచేయించుకొచ్చాడు. ప్రతిసారీ గోరు ఆగేది, ఆగిన చోట్ల మధ్య దూరం ప్రతిసారీ ఒకటే. నెలవంక కనపడింది. అంటే పదో రోజు పండుగ. చాచా గేటు ముందు నుంచి వెళ్తూ లోపలికి చూడడం మానేశాడు. చూడకుండా వెళ్లడం కోసం మెడ కొంచెం అవతలికి తిప్పేవాడు.

"చాచా కత్తి ఇయ్యి వదిన, దాన్నే పట్టి చూద్దాం. దాని ఇనుము వేరు," అన్నాడు ఫిట్టరు ఒకరోజు.

"వద్దు."

ఆ కత్తిని నేను గుడ్డ విప్పి చూసి ఉన్నాను. ఏళ్ల తరబడి నూరీ నూరీ వెడల్పు సగానికి వచ్చింది. ఒకసారి తప్పు పడితే ఆ తప్పును తీయడానికి ఇంకొంచెం ఇనుము నూరాలి. అంత ఇనుము దాంట్లో మిగిలిలేదు. మిషన్ సరిగ్గా ఉందని తేలేదాకా అది రాయి దగ్గరికి వెళ్లకూడదు.

"అయితే రాయే ఖరాబు," అన్నాడు అతను. "ముడి రాయిని చెక్కి అమ్మిండ్రు దొంగలు. వాపసు పంపుదాం."

పంపితే ఇంకోటి వచ్చేసరికి పండుగ దాటుతుంది. అది ఇద్దరికీ తెలుసు. అతను చేతులు తుడుచుకుంటూ ఊరికే నిలబడ్డాడు. అత్తమ్మ చెంబు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. సాయంత్రం నీళ్లు పోసే వేళ.

ఆ దూరం ఒకటే కావడం నన్ను వదలడం లేదు. తప్పు బేరింగులో ఉంటే ఒకసారి ఒకలా, ఒకసారి ఒకలా ఉండాలి. నేను లోపలికి వెళ్లి చాక్‌పీసు తెచ్చాను. బడి మానేసినా ఒక పెట్టె ఇంట్లో ఉంది.

"మోటారు వెయ్యి," అన్నాను.

చాక్‌పీసును కడ్డీ మీద ఆనించి, రాయిని తాకీ తాకనట్టుగా దగ్గరికి జరిపాను. టక్ మని తగిలింది. ఒక తిరుగుడుకు ఒకసారి. రాయి గుండ్రంగా లేదు. ఒక వైపు ఎత్తుగా ఉంది, లేదా ఒక వైపు అరిగి ఉంది. నెలరోజులు కదలకుండా ఉన్న కొత్త రాయి ఎలా అరుగుతుంది? మోటారు ఆపాడు. చాక్ గుర్తు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చూడడానికి రాయిని చేత్తో తిప్పాను. అప్పుడు కనపడింది. రాయి చదును ముఖానికి అడ్డంగా తెల్లటి గీత, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా. మా నల్లా నీళ్లు ఎక్కడ నిలబడినా ఉప్పు గీత వదులుతాయి. గీతకు ఒక వైపు రాయి లేత రంగు. రెండో వైపు ముదురు. ముదురు భాగాన్ని గోటితో గీరితే ఇసుక వేలికి వచ్చింది. ఆ భాగం కత్తి తగిలినప్పుడల్లా లేత భాగం కంటే ఎక్కువ అరిగిపోతోంది. చాక్ అంటింది లేత వైపే.

మా ఆయన రోజూ సాయంత్రం పని అయ్యాక తొట్టి తీసి నీళ్లు కరివేపాకు మొక్కకు పోసేవాడు. ఒక్కరోజు కూడా తప్పేవాడు కాదు. మొక్క కోసమని నేను అనుకునేదాన్ని.

"గిది నీళ్లల్ల నానింది వదిన," అన్నాడు ఫిట్టరు, గీత మీద వేలు పెట్టి. "తిరగకుంట ఒక్కతీరుగ నిలబడి నానింది. తొట్టిల నీళ్లు ఎవలు ఉంచిండ్రు?" అని, గుమ్మం వైపు తిరిగి, చెంబు చూసి నవ్వాడు. "ఏంది పెద్దవ్వా, రాయికి గూడ దూప అయితదని పోస్తున్నవా?"

"వానికి," అంది అత్తమ్మ. "వానికి పోస్తున్న."

అతని ముఖంలో నవ్వు ఎక్కడికి పోయిందో. తల దించుకుని బెల్టు సర్దడం మొదలుపెట్టాడు. సర్దడానికి అక్కడ ఏమీ లేదు.

ఆమె అంది, "చెంబుల నీళ్లు పెడ్తరు. చెంబుల నీళ్లు వాడెప్పుడు తాగిండు? వాని నీళ్లు తొట్టిలయి. ఎండకు ఇంకిపోతుంటే పోసిన. పోస్తే తప్పా?"

నేను కాదని చెప్పాలి. చెబితే అబద్ధమని ఆమెకు తెలుస్తుంది. మా ఇంట్లో ఆమె దగ్గర అబద్ధం చెల్లదు. ఆమె చెంబును గుమ్మం పక్కన నేల మీద పెట్టింది. చాలా నెమ్మదిగా, చప్పుడు కాకుండా పెట్టి లోపలికి వెళ్లింది. ఆ రాత్రి అన్నం వద్దంది.

మర్నాడు రాయిని విప్పాం. లోపలి దాకా ఆరితే మళ్లీ గట్టిపడుతుందని ఫిట్టరు ఎవరినో ఫోనులో అడిగి తెలుసుకున్నాడు. ఆరాక వజ్రపు మొన ఉన్న పనిముట్టుతో చుట్టూ చెక్కి గుండ్రం చేయవచ్చు. అది వర్క్‌షాపులో తెలిసినవాళ్ల దగ్గర దొరుకుతుంది. ఆరడం ఒక్కటే మన చేతిలో లేదు.

"డాబా మీద ఎండల పెడ్దాం," అన్నాడు. "మన ఎండకు రేపటికల్ల ఖాళీ."

"పగిలితే?" అన్నాను.

"పగలది. రాయి గద."

అత్తమ్మ గదిలోంచి వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. "పచ్చి కుండను ఎండల పెట్టి చూసినవా ఎన్నడన్న?" అని అతన్ని అడిగింది. "ఫిట్టరువు. సదువుకున్నవ్. నీడకే ఆరాలె అది. నా మంచం మీద పెట్టు."

ఆమె నులక మంచం మీద పరుపు తీసేసి రాయిని పడుకోబెట్టాం. కింద నుంచి గాలి ఆడుతుంది. ఫ్యాను ఒక పక్క నుంచే తగులుతుంది కాబట్టి ఆమె పక్కన స్టూలు వేసుకుని, అప్పుడప్పుడూ రెండు చేతులతో రాయిని కొంచెం జరిపేది. వడియాలు ఆరబెట్టి కాకులను కాసినట్టు కాసింది. తను మాత్రం నేల మీద పడుకుంది. నేను చెయ్యి వేయబోతే "నువ్వు సదువుకో పో" అంది. నేను చదవలేదు. రోజూ ఆ రెండు రంగులను చూశాను. ముదురు తగ్గుతోందో లేదో తెలిసేది కాదు. ఒక పూట తగ్గినట్టుండేది, కిటికీ తీస్తే మళ్లీ అలాగే ఉండేది. వీధిలో మేకలు అరుస్తున్నాయి. ప్రతి ఇంటి ముందూ ఒకటి, మెడలో దండ, ముందు ఆకు. చాచా ఇంటి ముందు కూడా కట్టారు. అటు వైపు వెళ్లే పని ఉన్నా నేను వేరే వీధి నుంచి వెళ్లాను.

ఎండలో పెట్టి ఉంటే ఈపాటికి ఆరేదని ఫిట్టరు ఒకసారి, మెల్లగా, నాతో మాత్రమే అన్నాడు. నాకూ అదే అనిపిస్తోంది. ఆమెకు చెప్పే ధైర్యం ఇద్దరికీ లేదు.

పండుగకు రెండు రోజులు ఉందనగా పొద్దున ఆమే పిలిచింది. "చూడు," అంది. రాయి అంతా ఒక్క రంగులో ఉంది. ఉప్పు గీత మిగిలింది. గీతకు ఇటూ అటూ తేడా లేదు. ముదురుగా ఉండిన చోట గోటితో గీరాను. ఇసుక రాలేదు.

ఆ మధ్యాహ్నం ఫిట్టరు సెలవు పెట్టి వచ్చాడు. రాయి ఎక్కించి, వజ్రపు మొనను కడ్డీకి బిగించి, ఒక చివర నుంచి ఇంకో చివరకు తీసుకెళ్లాడు. మొదట టక్, టక్ మని చప్పుడు. తర్వాత చప్పుళ్ల మధ్య ఎడం తగ్గింది. చివరకు సన్నటి ఒకే శబ్దం. చాక్‌పీసు పెడితే రాయి చుట్టూ తెగకుండా గీత పడింది. అప్పుడు తొట్టిలో నీళ్లు పోశాం. పోసింది అత్తమ్మే. పోస్తూ "ఇంతేనా? ఇంకొంచెమా?" అని ఆమె అడిగితే, అతను "ఇగ చాలు పెద్దవ్వా, చాలు" అన్నాడు.

వంటింటి కత్తి మీద గోరు జారింది. కొడవలి మీద జారింది.

"ఇగ నువ్వే పట్టు వదిన," అన్నాడు. "నాది స్పానర్ చెయ్యి. బోల్టు తెగినా నాకు తెల్వది."

చాచా కత్తిని పట్టులో బిగించాను. పిడి కుడి చేతిలో, మొన మీద ఎడమ చేతి వేళ్లు. రాయికి ఆనించి, పిడి దగ్గర నుంచి మొన దాకా ఒకే బరువుతో లాగాలి. బరువు ఎక్కువైతే నడుమ గుంట పడుతుంది, తక్కువైతే వాలు పూర్తిగా అంటదు. రాయి మీద నుంచి నీళ్లు కత్తి మీదికి ఎక్కి పల్చగా పారుతున్నాయి. అవి అంచు దాకా సమానంగా పారుతుంటే కత్తి సరిగ్గా ఆనుతున్నట్టు. నేను నీళ్లనే చూశాను. రెండు వైపులా అయింది. ఇంకా ఒక్క విడత. కత్తి సగంలో ఉండగా సైరన్ వచ్చింది.

ఎత్తాను. ఎత్తి గాలిలో పట్టుకున్నాను. ఆయన కూర్చున్న స్టూలు మీదే కూర్చుని ఉన్నాను. ముగ్గురం అలాగే ఉన్నాం, మోటారు తిరుగుతోంది. ఎంతసేపైనా అదురు రాలేదు. ఒక్కోసారి సైరన్ వేసి ఆలస్యం చేస్తారు. భుజం నొప్పి పెట్టింది. దించుదామా అనుకుంటూండగా భూమి కదిలింది. తొట్టిలో నీళ్లు వణికి, నిలకడగా అయ్యాయి. మళ్లీ మొదటి నుంచి లాగాను.

తోలు చక్రం మీద అంచును తుడిచాక గోరు పెట్టి చూశాను. మొన నుంచి నడుమ దాకా, నడుమ నుంచి ఇవతలికి జారింది. పిడికి నాలుగు వేళ్ల దూరంలో ఆగింది. మళ్లీ చూశాను. ఆగింది. పాత గంటు అది. ఏ నాటిదో, మా ఆయన రాయికి కూడా లొంగనిది. దాన్ని తీయాలంటే అక్కడ ఇంకా నూరాలి. అక్కడే కత్తి అన్నిటికంటే పల్చగా ఉంది. కత్తిని పట్టులోనే ఉంచి చాలాసేపు ఆలోచించాను. తర్వాత విప్పేశాను.

పండుగ ముందు రోజు సాయంత్రం చాచా మేకను తోలుకుంటూ వచ్చాడు. దాన్ని మలుపు దగ్గర కరెంటు స్తంభానికి కట్టి, ఇటు కనపడకుండా గోడ అవతల నిలబెట్టి, ఒక్కడే నడిచి వచ్చాడు. "దానికి కత్తి కనపడొద్దు," అన్నాడు, నేను అడగకుండానే.

కత్తి ఇచ్చాను. "పిడి దగ్గర ఒక్క చోట గోరు ఆగుతోంది చాచా. తీయలేదు. తీస్తే కత్తి పోతుందని భయపడ్డాను."

ఆయన కళ్లు మూసుకుని గోరు జరిపాడు. ఒక్కసారే. ఆ చోట చెయ్యి ఆగింది, దాటింది. గుడ్డ చుట్టాడు.

"రేపు తెలుస్తది," అన్నాడు.

మర్నాడు పొద్దున నమాజు నుంచి తెల్లబట్టలు వీధి నిండా వచ్చాయి. పలకరించినవాళ్లకు పలికాను. తర్వాత వీధి ఖాళీ అయింది. అత్తమ్మ గడప మీద కూర్చుని వీధి చివరకే చూస్తోంది. నేను పుస్తకం తెరిచి మూశాను. అక్కడ ఏం జరుగుతుందో నాకు తెలుసు, ఎలా జరుగుతుందో తెలియదు. రెండుసార్లు లాగిన మనిషి ముఖం నిరుడు చూశాను. ఈసారి అది భార్య పేరు మీద. ఒకవేళ పట్టుకుంటే ఆయన ఇటు రాడు. కత్తి ఎవరి చేతనో పంపిస్తాడు, లేదా పంపడు. ఎండ గడప దాకా వచ్చింది. అత్తమ్మను లోపలికి రమ్మన్నాను, వినలేదు.

చాచా వచ్చాడు. బట్టలు మార్చుకుని ఉన్నాడు. నేరుగా గడప ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"ఏమైంది సాయిబూ?" అంది అత్తమ్మ. "జల్ది చెప్పు. పొద్దటి నుంచి సూస్తున్న."

"దానికి తెల్వనే లేదమ్మా," అన్నాడు.

ఆమె తల ఊపింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పిడికాడి జాగ ఇడిచిపెట్టిన," అన్నాడు నాతో. "ముందటి నుంచి లాగిన. ఒక్కటే సారి." తర్వాత షెడ్డులోకి వెళ్లి, కడిగి ఆరబెట్టిన కత్తిని గుడ్డ చుట్టి మళ్లీ అదే మేకుకు తగిలించాడు. "వచ్చే ఏడు దాంక ఈన్నే ఉండనీ," అని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఒక దర్జీ కత్తెర తెచ్చాడు. మళ్లీ మిషన్ నడుస్తోందని ఎవరో చెప్పారట. సాన పట్టి ఇచ్చాను. అతను వెళ్లాక మోటారు ఆపి, తొట్టి కోసం వంగేసరికి అత్తమ్మ వచ్చింది.

"జరుగు," అంది.

తొట్టి బరువుగానే ఉంటుంది. రెండు చేతులతో పట్టుకుని, నీళ్లు ఒలక్కుండా, మెల్లగా నడిచి కరివేపాకు మొదట్లో పోసింది. ఖాళీ తొట్టిని బోర్లించి తట్టింది. చివరి చుక్కలు కూడా రాలిపోయేదాకా అలాగే పట్టుకుని నిలబడింది.